మాట ముద్దయిన చెయ్యి

అది 2006. వానలు తగ్గుముఖం పట్టి, పొలాల్లో వరి పొట్టకొచ్చే రోజులు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఖానాపురం హవేలిలో ఇల్లు, పొద్దున్నే షేర్ ఆటో, ఆసుపత్రి కింది అంతస్తులో నా గది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బొగ్గుగనుల్లో నడుములు పోయినవాళ్ళు, ట్రాక్టర్ మీద నుంచి పడినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు. చేతుల కేసులు తక్కువ. కానీ మా సర్జన్ గారికి చేతి ఆపరేషన్లంటే ప్రత్యేకమైన ఇష్టం. అందుకని మంగళవారం ఓపీలో నన్ను తన పక్కనే కూర్చోమనేవారు. ఆపరేషన్ ఎంత బాగా చేసినా, ఆ చెయ్యి మళ్ళీ పనిలో పడేది ఫిజియోథెరపీ గదిలోనే అని ఆయన నమ్మకం.

అలాంటి ఒక మంగళవారం పర్ణశాల అవతలి కోయగూడెం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన పేరు ముత్తయ్య. యాభై దాటి ఉంటాయి. భుజం మీద తువ్వాలు, ఎండకు కాగిన ముఖం. ఆమె సమ్మక్క. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, ఆమె కూర్చోలేదు.

"ఏమైందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"మా ఆయనకు మాట ముద్ద ముద్దగ వస్తాంది సారూ. రెండేండ్ల సంది గిట్లనే. ఇప్పుడైతే సగం మాటలు నాక్కూడ సమజైతలేవు."

మాట ముద్దగా వస్తోందంటే మాకు వెంటనే తోచేది మెదడులో రక్తప్రసరణ ఆగడం, అంటే స్ట్రోక్. డాక్టరుగారు లేచి వెళ్ళి ముత్తయ్య నోరు తెరిపించి టార్చి వేసి చూశారు. పళ్ళు చూపించమని సైగ చేశారు. మూతి ఏమీ వంకర పోలేదు. నాలుక తిన్నగానే ఉంది.

"ఏదైనా మాట్లాడించమ్మా, వింటాను."

సమ్మక్క ఆయన వైపు వింతగా చూసింది. "ఇనుడేంది సారూ? ఆయన పుట్టు మూగోడు. చెవులు గూడ ఇనరావు. ఆయన మాట చూడాలె."

అంటూ భర్త కుడిచేతిని పట్టుకుని, అరచెయ్యి పైకి వచ్చేలా బల్ల మీద పెట్టింది.

ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతి వైపు వంగిపోయి ఉన్నాయి. చర్మం కింద తాడు బిగించినట్టు ఒక నరం లాంటిది ఆ వేళ్ళ మొదళ్ళ దాకా పాకింది. నిజానికి అది నరం కాదు. దాన్ని ముట్టుకుంటే గట్టిగా, కదలకుండా ఉంది. వేళ్ళను తిన్నగా చేద్దామంటే రాలేదు. మిగిలిన మూడు వేళ్ళూ బాగానే ఉన్నాయి. ఎడమ చేతికి అప్పటికి ఏమీ లేదు.

డాక్టరుగారు దూది ముక్కతో వేళ్ళను తాకి స్పర్శ చూశారు. బాగా ఉంది. సమ్మక్క కాస్త గొంతు తగ్గించింది. "ఊర్ల కొందరు పెద్దరోగం అన్నరు సారూ. మందులిచ్చే నర్సమ్మ వచ్చి, పెన్నుతోటి గుచ్చి చూసి, గది కాదు, జల్దీ పట్నం పొండ్రి అన్నది."

"ఆమె చెప్పింది నిజం. ఇది కుష్ఠు కాదు. పక్కనున్నవాళ్ళకు అంటుకోదు. ఆయన పాదాలు కూడా చూపించమనండి."

సమ్మక్క భర్త వైపు తిరిగి వేళ్ళు కదిపింది. ముత్తయ్య చెప్పులు విడిచి కాలు ఎత్తాడు. అరికాలి వంపులో రెండు గడ్డలు, ఒక్కోటి పెద్ద శనగగింజ కన్నా కాస్త పెద్దది. రాళ్ళ మీద నడిస్తే నొప్పి అని ఆమె చెప్పింది. ఆమె మామగారికి కూడా ముసలితనంలో వేళ్ళు ఇలాగే ముడుచుకుపోయాయట.

డాక్టరుగారు నా వైపు చూశారు. డుపుయిట్రెన్స్ కాంట్రాక్చర్. చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను కానీ మనిషిలో చూడటం నాకు అదే మొదటిసారి. మన దేశంలో అరుదు. అరచేతి చర్మం కింద పామర్ ఫాసియా అని పల్చటి పీచు పొర ఉంటుంది. మనం దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు అరచేతి చర్మం జారిపోకుండా ఆపేది అదే. ఈ జబ్బులో ఆ పొర మందమై, తాళ్ళుగా పేనుకుని, వేళ్ళను లోపలికి లాగేస్తుంది. అలాంటి పొరే అరికాలిలోనూ ఉంటుంది. అక్కడ గడ్డలు కడితే ప్లాంటార్ ఫైబ్రోమటోసిస్ అంటారు.

"ఎందుకు వచ్చింది సారూ?" అంది సమ్మక్క.

డాక్టరుగారు తొందరలో ఉన్నా కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు. "మనకు ఎక్కడైనా దెబ్బ తగిలితే అక్కడి కణాలు కొన్ని పదార్థాలు వదులుతాయమ్మా. గ్రోత్ ఫ్యాక్టర్లు అంటాం. అవి చుట్టుపక్కలకు కబురు పంపుతాయి. రండి, ఇక్కడ పీచు అల్లండి, గాయం అంచుల్ని దగ్గరికి లాగండి అని. గాయం మానగానే ఆ కబురు ఆగిపోవాలి. మీ ఆయన చేతిలో గాయం లేకుండానే ఆ కబురు వెళ్తోంది. ఆగట్లేదు. పిలిచిన కొద్దీ పీచు అల్లే కణాలు వస్తున్నాయి, కండరంలా బిగుసుకుని లాగుతున్నాయి."

"అంటే దెబ్బ లేకున్నా డప్పు కొట్టి మందిని పిలుసుడు అన్నట్టు."

"అవును, అంతే."

ఆమె భర్త ముందు నిలబడి, నడుం దగ్గర డప్పు ఉన్నట్టు రెండు చేతులా వాయించింది. ముంజేతి మీద కత్తి గీసినట్టు చూపించి, లేదని తల ఊపింది. తర్వాత ఆయన అరచేతిని వేలితో తట్టింది. ముత్తయ్య తన అరచేతి వైపు చూసుకుని, ఎడమ చేత్తో ఏదో అడిగాడు.

"మరి డప్పు కొట్టేటోడు ఎవడని అడుగుతుండు," అంది సమ్మక్క.

డాక్టరుగారు నవ్వారు. "అది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదని చెప్పు."

ఆపరేషన్‌కు ముందు చేతి కొలతలు తీసుకోవాలని వాళ్ళను నా గదికి తీసుకెళ్ళాను. కీళ్ళు ఎంత వంగుతాయో కొలిచే గోనియోమీటర్ తీస్తూ, మాట ముద్దవ్వడం అంటే ఏమిటో చూపించమని సమ్మక్కను అడిగాను.

ఆమె తన చేతినే ముత్తయ్య చేతిలా ముడిచి చూపించింది. వాళ్ళ చేతిమాటలో పెద్దబిడ్డ అంటే తెరిచిన అరచేతిని భుజం ఎత్తున పెట్టడం. మేక అంటే రెండు వేళ్ళు కొమ్ముల్లా నిలబెట్టడం. ఇప్పుడు ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోతే అరచెయ్యి ఎప్పుడు తెరిచినా కొమ్ములే కనిపిస్తాయి.

"బిడ్డ వచ్చిందా అని ఆయన అడిగితే, మేక అనుకున్న నేను. ఎప్పుడో వచ్చి కొట్టంల ఉన్నదన్న. అల్లుడు కొట్టి పంపిండేమో అని ఆయన ఆగమాగమైండు." చెబుతూ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నీళ్ళంటే వడ్లు అనిపిస్తది. చాలంటే కొట్టు అనిపిస్తది. రెండుసార్లు చెప్తడు, మూడోసారి చెయ్యి దించేస్తడు. ఇప్పుడైతే చెప్పుడే బంద్ జేసిండు మేడం. ఒక్కడే పోయి గట్టు మీద కూసుంటడు."

వాళ్ళ చేతిమాట ఏ బళ్ళోనూ నేర్చుకున్నది కాదు. మొదట ఆయన తల్లి కొన్ని సైగలు పెట్టిందట. పెళ్ళయ్యాక మిగతావన్నీ వీళ్ళిద్దరూ కల్పించుకున్నారు. గూడెంలో కోయ మాట, సంతలో తెలుగు, ఇంట్లో చెయ్యి. పిల్లలకు తిండికీ పనికీ సరిపడా వచ్చు. అత్తగారు పోయాక మొత్తం తెలిసింది సమ్మక్కకే.

"ఆయన మాట ఈ లోకంల తెలిసింది నేనొక్కదాన్నే. నాక్కూడ తెల్వకుంటైతే, ఆయన యాడికి పోవాలె?" అంది.

మేం ఏం మాట్లాడుకుంటున్నామో ముత్తయ్యకు తెలియకపోయినా, ఆమె ముఖం చూసి ఆయన ఆమె మోచేతిని మెల్లగా తట్టాడు.

ఆపరేషన్ పేరు ఫాసియెక్టమీ. అరచేతి చర్మాన్ని వంకరటింకరగా కోసి, కింది నరాలకు దెబ్బ తగలకుండా, బిగిసిన పీచు తాళ్ళను తీసేస్తారు. బాగానే జరిగింది. కానీ ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి. కుడిచెయ్యి మొత్తం లావుపాటి కట్టు, అడుగున పిండికట్టు, వాపు రాకుండా పైకి వేలాడదీసి ఉంచాం. మాట్లాడే చేతిని మేమే కట్టేశాం. ఎడమ చేత్తో మాట్లాడవచ్చు కదా అనుకున్నాను కానీ, వాళ్ళ మాటల్లో చాలావాటికి రెండు చేతులూ కావాలి. ఆకలి, నొప్పి, నీళ్ళు చెప్పగలిగాడు. అంతకు మించి ఏమీ లేదు. సమ్మక్క మంచం పక్కన కూర్చుని ఆయనకు చెబుతూనే ఉండేది. గూడెం సంగతులు, పక్క మంచంలో ఉన్నాయన సంగతులు. ఆయన చూసేవాడు. కొంతసేపయ్యాక గోడవైపు తిరిగిపోయేవాడు.

కుట్లు విప్పాక నేను స్ప్లింట్ తయారుచేశాను. అల్యూమినియం పట్టీని వేళ్ళ ఒంపుకు తగ్గట్టు వంచి, మెత్తటి స్పాంజి అంటించి, పట్టీలు కుట్టిన ఆధారం అది. పడుకునేటప్పుడు కట్టుకోవాలి. పగలు వేళ్ళను మెల్లగా ముడవాలి, చాచాలి. అంతా సమ్మక్కకు చెప్పాను, ఆమె ఆయనకు చెప్పింది. ఇంటికి వెళ్ళారు.

నేను రమ్మన్న తేదీకి చాలా ముందే వచ్చేశారు. గది గుమ్మంలో సమ్మక్క ముఖం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది. ముత్తయ్య చెయ్యి ఎర్రగా, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది. ఆపరేషన్‌తో తిన్నగా వచ్చిన వేళ్ళు మళ్ళీ సగం ముడుచుకుని, ఇటు ముడవడానికీ అటు చాచడానికీ రాకుండా బిగుసుకుపోయాయి. చీము గీము ఏమీ లేదు.

"ఏం చేశారు సమ్మక్కా?"

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "తప్పు నాదే బిడ్డా. పొద్దుమాపు ఏడి నూనె రాసి గుంజిన. ఎంత గుంజితే అంత జల్దీ సాగుతయనుకున్న. ఆయన మాట ఇనక ఎన్ని రోజులాయె..." అప్పటిదాకా నన్ను మేడం అనే పిలిచింది. ఆ రోజే బిడ్డా అంది.

ముత్తయ్య ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఎడమ చేత్తో తన గుండె మీద కొట్టుకుని, గాలిలో దేన్నో లాగినట్టు చేసి, మళ్ళీ తన గుండెనే చూపించాడు. అంత దుఃఖంలోనూ ఆమె అలవాటు కొద్దీ చెప్పేసింది.

"నేనే గుంజమన్న, దాన్నేం అనకు అంటుండు." కళ్ళు తుడుచుకుంది. "అబద్ధం ఆడుతుండు బిడ్డా. ఆయన వద్దనే అన్నడు. నేనే ఇనలే."

డాక్టరుగారు వచ్చి చూశారు. భయపడాల్సినంత ప్రమాదం లేదన్నారు. కానీ ఆ రోజు ఆయన నాకు చెప్పిన సంగతి నా పనినే మార్చింది. ఈ జబ్బులో ముఖ్యమైన గ్రోత్ ఫ్యాక్టర్ ఒకటుంది, ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫ్యాక్టర్ బీటా అని. పీచు అల్లే మామూలు కణాన్ని, బిగబట్టి లాగే కణంగా మార్చేది అదే. దాన్ని రేపడానికి కత్తి గాయమే అక్కర్లేదు, కణజాలాన్ని బలవంతంగా లాగినా చాలు. లాగితే అది తనకు మళ్ళీ గాయమైందనుకుంటుంది. వాపు వస్తుంది, కొత్త పీచు అల్లుకుంటుంది, ముందుకన్నా గట్టిగా ముడుచుకుంటుంది. "ఈ చేతితో బలవంతం పనికిరాదు," అన్నారాయన. మా వృత్తిలో బిగిసిన కీలును వంచి తీరాలి, రోగి అరిచినా సరే అన్న పట్టుదల ఒకటి ఉంటుంది. ఆ పట్టుదల ఇక్కడ శత్రువు.

సమ్మక్కకు ఆ సంగతి చెబితే మధ్యలోనే అందుకుంది. "గుంజితే డప్పు ఇంకింత గట్టిగ కొడతరు. అంతేనా?"

"అంతే. మీ తప్పేం లేదు. ప్రేమతోనే చేశారు. ఇప్పుడు నెమ్మదిగా చేద్దాం."

కొత్తగూడెంలో సమ్మక్క తమ్ముడు గనిలో పనిచేస్తాడు. అతని క్వార్టర్‌లో ఉండి, బస్సులో ఖమ్మం వచ్చిపోయేలా ఏర్పాటు చేసుకున్నారు. మొదటి వారం నేను ఆ వేళ్ళను అసలు చాచలేదు. చెయ్యి ఎత్తులో పెట్టించి, వాపు దిగేలా వేలి కొసల నుంచి మణికట్టు వైపు తేలిగ్గా నిమిరాను. ఒక పసిపాప వీపు నిమిరినంత మెల్లగా. ముత్తయ్య మొదట్లో నా చెయ్యి దగ్గరికి రాగానే బిగుసుకునేవాడు. నొప్పి పెట్టనని ఆయనకు మాటలతో చెప్పలేను. అందుకని సమ్మక్కను అడిగి ఒక సైగ నేర్చుకున్నాను. అరచేతిలో నీళ్ళు ఒలకకుండా పట్టుకున్నట్టు చెయ్యి దొప్ప చేయడం. వాళ్ళ మాటలో అది మెల్లగా. నేను మొదటిసారి ఆ సైగ చేసినప్పుడు ఆయన నా చేతిని తదేకంగా చూసి, నా బొటనవేలిని కొంచెం లోపలికి సర్ది, సరిగ్గా పెట్టించాడు. ఆ తర్వాత బిగుసుకోలేదు.

వాపు దిగాక కూడా బంతి పిసకడం, కర్ర పట్టుకోవడం లాంటి వ్యాయామాలు ఇవ్వలేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

"ఇప్పుడేం జెయ్యాలె?" అంది సమ్మక్క.

"మాట్లాడుకోండి. అదే ఎక్సర్‌సైజ్. ఎంత తెరుచుకుంటే అంతే. బలవంతం వద్దు."

ఇద్దరూ సిగ్గుపడ్డారు. కొత్త పెళ్ళికొడుకు, పెళ్ళికూతురిలా. తర్వాత ఆయన ఒక మాట అన్నాడు, ఆమె ఒకటి అంది. మొదటి రోజుల్లో ఒకటి రెండు మాటలకే ఆగిపోయేవాడు. ఆమె అర్థం కానిదాన్ని అర్థమైనట్టు తల ఊపేది. అది ఆయనకు తెలిసిపోయేది, ఊరుకునేవాడు. మర్నాడు మళ్ళీ కూర్చునేవాళ్ళు. నేను పక్కన వేరే రోగుల పని చూసుకుంటూ ఓరకంట చూసేదాన్ని.

ఒకరోజు పక్షవాతం ఉన్నాయనను పారలల్ బార్స్ అనే జంట కమ్మీల మధ్య నడిపిస్తున్నాను. వెనక సమ్మక్క ఏదో శబ్దం చేసింది. తిరిగి చూస్తే ముత్తయ్య రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. ఆపకుండా, వేగంగా చెబుతున్నాడు. కళ్ళు పెద్దవి చేసి, భుజాలు ఎగరేసి, కుడిచేతి వేళ్ళను విప్పుతూ మూస్తూ. సమ్మక్క చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

కంగారుగా వెళ్ళాను. "ఏమంటున్నాడు సమ్మక్కా?"

"ఏమనలే బిడ్డా. నన్ను తిడుతుండు."

"ఎందుకు?"

"తమ్ముని ఇంట్ల ఇన్ని దినాలు తిని కూసునుడు ఏం మర్యాద అట. మరదలు రొండు రోజుల సంది మూతి ముడుసుకున్నది, నీకు కండ్లు లేవా అంటుండు. ఎడ్లకు గడ్డెవడు ఏస్తుండు అంటుండు. ఇంకా ఆపలే చూడు." ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఒక్క మాట గూడ పోలేదు బిడ్డా. అన్నీ సమజైనయ్."

నడుస్తున్న పెద్దాయన కూడా బార్స్ పట్టుకుని నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ముత్తయ్య అందరూ చూడటం గమనించి చేతులు దించి, మళ్ళీ ఆగలేక ఇంకొక్క మాట అన్నాడు. ఆమె దాన్ని మాకు చెప్పలేదు.

అరికాలి గడ్డలకు ఆపరేషన్ అక్కర్లేదు. అడుగున మెత్తటి ఎంసీఆర్ రబ్బరు వేసి, గడ్డ ఉన్నచోట చిన్న గుంట కోస్తే బరువు దాని మీద పడదు. కానీ ఆ రబ్బరు చెప్పులను పెద్దరోగం ఉన్నవాళ్ళకు సర్కారు దవాఖానాలో ఇస్తారు. సమ్మక్క చూడగానే గుర్తుపట్టింది. "ఇయ్యి ఏసుకుంటే ఊరు ఊరంతా మళ్ళ గదే మాట అంటది బిడ్డా." మా ఆసుపత్రి ఎదురుగా కూర్చునే చెప్పులు కుట్టే ఆయనకు చెప్పి, మామూలు నల్ల తోలు చెప్పుల్లో రెండు పొరల మధ్య ఆ రబ్బరును పెట్టించాను. పైకి ఏమీ కనిపించదు. ముత్తయ్య వాటిని వేసుకుని వరండా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, దొప్ప చేసిన చెయ్యి నాకు చూపించాడు.

వాళ్ళు వెళ్ళేనాటికి ఉంగరపు వేలు పూర్తిగా తిన్నగా వచ్చింది. చిటికెన వేలు మధ్య కీలు దగ్గర కొంచెం వంకర మిగిలింది. ఆ వేలికి ఈ జబ్బులో తరచూ అలాగే అవుతుంది.

మళ్ళీ వాళ్ళను చూసింది 2009లో. చెప్పులు అరిగిపోయి కొత్తవి చేయించుకోవడానికి వచ్చారు. చెయ్యి చూద్దామని అడిగాను. ఉంగరపు వేలు మళ్ళీ వంగడం మొదలైంది. ఎడమ అరచేతిలో కూడా చిన్న గడ్డ తగిలింది. నా మనసు చివుక్కుమంది. తాళ్ళను కత్తిరించి తీసేయగలం కానీ, ఆ గ్రోత్ ఫ్యాక్టర్ల కబురును ఆపే మందు అప్పటికి మా దగ్గర లేదు. డాక్టరుగారు ఇంకోసారి ఆపరేషన్ చేయవచ్చన్నారు, మళ్ళీ రాదని మాత్రం చెప్పలేనన్నారు.

సమ్మక్క ముత్తయ్యకు చెప్పింది. ఆయన పెద్దగా ఆలోచించలేదు.

"వద్దంటుండు బిడ్డా. నేను గూడ వద్దనే అంటున్న. కట్టు కట్టిన దినాలల్ల మా నడుమ మాట లేదు. మళ్ళ గట్ల కూసునుడు మా తోని కాదు."

"మరి వేళ్ళు ఇంకా ముడుచుకుపోతే?"

"మాటలు మార్సుకుంటున్నం గద." ఆమె ఉత్సాహంగా నా ముందుకు జరిగింది. "ఇగో, వాన అంటే ఇదివరకు అన్ని ఏళ్ళు ఆడిచ్చి చెప్పేటోడు. ఇప్పుడు మోచేతి మీద బొటనవేలుతోటి కొడుతుండు. ఉప్పు గూడ మారింది. కోపం గూడ మారింది. పొద్దున ఒకటి ఆయన పెడితే, మాపటికి ఒకటి నేను పెడుత. కొన్ని మర్సిపోతం, మళ్ళ కొత్తయి పెడుతం. ముసలోళ్ళమై చిన్నపోరగాండ్ల లెక్క నేర్సుకుంటున్నం."

ముత్తయ్య ఆమె చెప్పేది ఏమిటో గ్రహించినట్టున్నాడు. బొటనవేలితో మోచేతి మీద టపటపా కొట్టి కిటికీ వైపు చూపించాడు. బయట నిజంగానే మబ్బు పట్టి ఉంది. బస్సు అందుకోవాలని ఇద్దరూ లేచారు.

ఆపరేషన్ చేయించుకోమని నేను నచ్చజెప్పలేదు. ఎడమ చేతికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పి పంపించాను. గాయం మానడానికే పుట్టిన పదార్థం అదుపు తప్పితే చేతిని ఎలా మూసేస్తుందో, త్వరగా బాగుచేద్దామని లాగితే ఎంత హాని జరుగుతుందో ఆ కేసు నాకు నేర్పింది. బిగిసిన చెయ్యి ఏది వచ్చినా ఇప్పటికీ ముందు నా చేతి బరువు తగ్గించుకుంటాను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మా చదువులో, చేతిని కొలిచే ముందు ఈ చేత్తో మీరు ఏం పని చేస్తారని రోగిని అడగమని చెప్పారు. నేను ఇప్పుడు తోడు వచ్చినవాళ్ళను కూడా అడుగుతాను, ఈ చెయ్యి బాగైతే మీకు ఏం కావాలి అని. కొందరు నవ్వుతారు, మాకేం కావాలి మేడం అంటారు. కొందరు రోగి ముఖం వైపు చూసి ఆగిపోతారు. నేను తొందరపెట్టను.